లారీల పక్కలకు బోల్డ్ ఇటాలిక్ స్లాబ్ సెరిఫ్: ఏ ఫాంటు వాడాలి, తెలుగుతో ఎలా కలపాలి?

అడిగినవారు: చిక్కడపల్లి డీటీపీ

అందరికీ నమస్కారం. నేను చిక్కడపల్లిలో చిన్న డీటీపీ, డిజైనింగ్ కేంద్రం నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు మా రోజువారీ పని కనుక ఇంగ్లీషు ఫాంట్ల గురించి లోతుగా ఆలోచించవలసిన అవసరం ఇంతవరకు పెద్దగా రాలేదు. ఇటీవల ఆటోనగర్‌లో ట్రాన్స్‌పోర్ట్ వ్యాపారం చేసే ఒక పెద్దాయన తమ సంస్థ పేరు లారీల రెండు పక్కలా, ఆఫీసు బోర్డు మీద, లెటర్‌హెడ్ మీద, విజిటింగ్ కార్డు మీద ఒకే తీరున కనిపించేలా తయారుచేయమని అడిగారు. నమూనాగా ఆయన తన ఫోనులో ఒక విదేశీ ట్రక్కు ఫొటో చూపించారు. దాని మీది ఇంగ్లీషు అక్షరాలు బాగా లావుగా, ముందుకు వాలి, ప్రతి గీత కొసనా మందపాటి అడ్డపట్టీలతో ఉన్నాయి. వీటిని స్లాబ్ సెరిఫ్ అక్షరాలంటారని, నాకు కావలసింది అందులోని బోల్డ్ ఇటాలిక్ రూపమని వెతికి తెలుసుకున్నాను.

నా దగ్గర ఇటాలిక్ లేని స్లాబ్ ఫాంటు ఒకటి ఉంది. దాన్ని కోరల్‌డ్రా అనే డిజైనింగ్ సాఫ్ట్‌వేర్‌లో పక్కకు వాల్చి చూస్తే మొదటి చూపుకు బాగానే ఉంది గాని, పెద్దగా ప్రింటు తీసి గోడకు అంటిస్తే గుండ్రటి అక్షరాలు నలిగినట్టుగా కనిపిస్తున్నాయి. ఇది నా కంటి భ్రమా, లేక దానికేమైనా కారణం ఉందా? ఈ రకం అక్షరం ఎక్కడ వాడదగినది, ఎక్కడ వాడకూడనిది? సంస్థ పేరు తెలుగులోనూ ఉండాలి, ఆఫీసు బోర్డు మీద ఉర్దూలో కూడా ఉండాలి. అప్పుడు తెలుగు అక్షరాలను కూడా అదే వాలులో పెట్టవలసి ఉంటుందా? అనుభవం ఉన్నవారు కాస్త వివరంగా చెప్పగలరని మనవి.

సమాధానం: అక్షరాల పని

నమస్కారం అండీ. మీది కంటి భ్రమ కాదు, దానికి కచ్చితమైన కారణం ఉంది. అయితే అది అర్థం కావాలంటే ఈ అక్షరం దేనికోసం పుట్టిందో ముందు రెండు మాటలు చెప్పుకోవాలి.

స్లాబ్ సెరిఫ్ పుట్టింది పుస్తకం కోసం కాదు, గోడల మీది ప్రకటనల కోసం. 19వ శతాబ్దం మొదట్లో లండన్‌లో వ్యాపార ప్రకటనలు పెరిగినప్పుడు, పుస్తకాలకు పోతపోసిన సన్నటి కొసల అక్షరాలు వీధిలో దూరం నుంచి కనిపించేవి కావు. 1815 ప్రాంతంలో విన్సెంట్ ఫిగ్గిన్స్ అనే పోతగాడు కొసల్లోని అడ్డగీతలను కూడా నిలువు గీతలంత లావు చేసి, ఆంటిక్ అనే పేరుతో అమ్మకానికి పెట్టాడు. ఆ తరువాత 1845లో అక్కడి ఫాన్ స్ట్రీట్ ఫౌండ్రీకి చెందిన రాబర్ట్ బెస్లీ క్లారెండన్ అనే అక్షరాన్ని తెచ్చాడు. అందులో అడ్డపట్టీ నిలువు గీతకు ఒక్కసారిగా తగలకుండా చిన్న వంపుతో కలుస్తుంది. నిఘంటువులో ఆరోపాన్ని, అంటే అర్థం చెప్పబోయే పదాన్ని, మామూలు అక్షరాల మధ్య లావుగా నిలబెట్టడానికి, అంటే ఈనాడు మనం బోల్డ్‌ను వాడే పద్ధతిలోనే, దాన్ని వాడారు. దానికి చట్టం ఇచ్చిన రక్షణ మూడేళ్లే కావడంతో, అది ముగియగానే మిగతా పోతగాళ్లందరూ దాన్ని అనుకరించారు. 20వ శతాబ్దంలో స్కేలు, కంపాసు పట్టి గీసినట్టుండే రకాలు వచ్చాయి. 1929 నాటి మెంఫిస్, 1934లో మోనోటైప్ తెచ్చిన రాక్‌వెల్ ఆ కోవలోవి. మీ పెద్దాయన చూపించిన ట్రక్కు మీది అక్షరం కూడా, మీరు చెప్పిన పోలికలను బట్టి, ఈ కోవకు చెందినదే అయి ఉండవచ్చు.

ఇక ఇటాలిక్ సంగతి. ఇటాలిక్‌కు మూలం చేతిరాత. కలం పైకీ కిందికీ ఆగకుండా సాగుతూ, ఒక అక్షరం నుంచి తరువాతి అక్షరానికి జారుతుంది. స్లాబ్ స్వభావం దీనికి సరిగ్గా వ్యతిరేకం. అది ప్రతి గీతను రెండు కొసలా ఆపి, నేల మీద బల్లపరుపుగా నిలబెడుతుంది. ఈ రెండింటినీ ఒకే అక్షరంలో కూర్చడం కష్టం కనుకనే పాత స్లాబ్ రకాల్లో చాలావాటికి ఇటాలిక్ ఉండేది కాదు. తరువాతి రూపకర్తలు రెండు దారులు పట్టారు. కొందరు నిలువు అక్షరాన్నే వాల్చి, వాలులో వచ్చే లోపాలను చేత్తో సరిదిద్దారు. రాక్‌వెల్ ఇటాలిక్ అలాంటిది. అందులో ఇంగ్లీషు చిన్న ‘ఎ’ (a) రెండు అంతస్తుల రూపంలోనే, అంటే కింద గుండ్రం, దాని మీద వంపుతోనే ఉంటుంది. మరికొందరు ఇటాలిక్‌ను మొదటి నుంచి గీశారు. 1990లో వచ్చిన సిసీలియా దీనికి మంచి ఉదాహరణ. ఈ పద్ధతిలో చిన్న ‘ఎ’ ఒకే గుండ్రంగా మారుతుంది, పట్టీలు రెండు వైపులా కాక గీత సాగే వైపునే మిగులుతాయి. బోల్డ్‌లో ఈ తగ్గింపు మరీ అవసరం. ‘ఎన్’, ‘ఎమ్’ వంటి చిన్న అక్షరాల కాళ్ల మధ్య పట్టీలన్నీ పూర్తి పొడవున ఉంచితే అవి ఒకదానికొకటి తగిలి, లోపలి తెల్లదనం మూసుకుపోతుంది.

మీరు కోరల్‌డ్రాలో వాల్చినప్పుడు జరిగింది ఇది. సాఫ్ట్‌వేర్ అక్షరం పైభాగాన్ని కుడికి జరుపుతుంది, అంతకుమించి దానికేమీ తెలియదు. ‘ఓ’ వంటి గుండ్రటి అక్షరంలో కుడి పై మూల, ఎడమ కింది మూల లావెక్కుతాయి. మిగిలిన రెండు మూలలు పలచబడతాయి. నలిగినట్టు కనిపించేది అందుకే. పైగా నిలువు గీతలు 14 డిగ్రీల వాలు దగ్గర సుమారు 3 శాతం సన్నబడతాయి గాని, అడ్డపట్టీల మందం ఏమాత్రం తగ్గదు. ఆ 3 శాతం మామూలు అక్షరంలో ఎవరికీ కనిపించదు, స్లాబ్‌లో మాత్రం నిలువుకూ అడ్డానికీ ఉన్న సమతూకమే దాని అందం కనుక వెంటనే తెలిసిపోతుంది. చేత్తో గీసిన ఇటాలిక్‌లు సాధారణంగా 8 నుంచి 12 డిగ్రీల వాలుకు పరిమితమై, ఈ లావు సన్నాలను మళ్లీ సరిచేసుకుంటాయి.

14 డిగ్రీల మాట ఎందుకన్నానంటే, వెబ్ పేజీల్లో ఫాంటుకు సొంత ఇటాలిక్ లేనప్పుడు బ్రౌజరు తనంతట తాను కల్పించే వాలుకు ఆ ప్రమాణమే ఉంది. రోబోటో స్లాబ్, ఆల్ఫా స్లాబ్ వన్ రెండూ బాగా వాడుకలో ఉన్నవే అయినా వాటికి ఇటాలిక్ లేదు. కాబట్టి ఎవరైనా వాటిని వాలుగా చూపిస్తే అది యంత్రం వాల్చినదే. రేపు ఆ సంస్థకు వెబ్‌సైటు కూడా చేయవలసి వస్తే, పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్ కోడ్‌లో ఫాంట్-సింథసిస్ అనే గుణానికి ‘నన్’ అని విలువ ఇస్తే ఈ కల్పిత వాలు ఆగుతుంది.

సొంతంగా గీసిన బోల్డ్ ఇటాలిక్ ఉండి, ఖర్చు లేకుండా వ్యాపారానికి వాడుకోగల ఫాంట్లు కావాలంటే జిల్లా స్లాబ్, ఆర్వో, అలియో, బిట్టర్ చూడండి. ఇవన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కిందివే. వీటిలో నా ఓటు జిల్లా స్లాబ్‌కు. 2017లో మొజిల్లా కోసం టైపోథెక్ సంస్థ తయారుచేసిన ఈ కుటుంబంలో ఇటాలిక్ నిజమైన ఇటాలిక్. లారీ పక్కకు అది కాస్త సౌమ్యంగా కనిపిస్తుందని మీ పెద్దాయన అనవచ్చు. అప్పుడు రాక్‌వెల్ బోల్డ్ ఇటాలిక్ చూపించండి.

వాడకం విషయానికి వస్తే, ఇది నాలుగైదు పదాలకు మించి మోయగల అక్షరం కాదు. సంస్థ పేరు, ఆటగాళ్ల జెర్సీల మీద జట్టు పేరు, తగ్గింపు ధరల ప్రకటన, పత్రికలో ఒక్క వరుస శీర్షిక, వీటి వరకే దీని అధికారం. లెటర్‌హెడ్‌లో సంస్థ పేరు ఈ అక్షరంలో ఉంచి, చిరునామాను అదే కుటుంబంలోని మామూలు నిలువు అక్షరంలో పెట్టండి. విజిటింగ్ కార్డు మీద 7 పాయింట్ల బోల్డ్ ఇటాలిక్ స్లాబ్ పెడితే సిరా వ్యాపించి ‘ఇ’ (e), ‘ఎ’ (a) అక్షరాల కడుపులు పూడుకుపోతాయి.

ఇంకొక్క మాట. వేగాన్ని చూపడానికి వాలు ఒక్కటే మార్గం కాదు. జార్జ్ ట్రంప్ గీసిన సిటీ అనే నిలువు స్లాబ్ అక్షరాన్ని అనుసరించి ఐబీఎం గుర్తును 1956లో పాల్ రాండ్ రూపొందించారు. 1972లో అదే గుర్తును అడ్డగీతలుగా చీల్చారు. అక్షరం ఒక్క డిగ్రీ కూడా వాలకుండానే దానికి చలనం వచ్చింది.

సమాధానం: రేడియం పని, కోఠి

పైన చెప్పినదంతా కాగితం మీద, తెర మీద సరిపోతుంది. లారీ దగ్గరకు వచ్చేసరికి ఇంకొక చిక్కు ఉంది. డిజైన్ చేసేవారు సాధారణంగా దాన్ని గమనించరు, బండి మా దగ్గరకు వచ్చాకే అది బయటపడుతుంది.

ఇంగ్లీషు ఇటాలిక్ కుడివైపుకు వాలుతుంది. లారీ కుడి పక్కన, అంటే డ్రైవరు వైపున నిలబడి చూస్తే బండి ముందుభాగం మీకు కుడిచేతి వైపున ఉంటుంది కనుక, అక్షరాలు బండితో పాటు ముందుకు దూకుతున్నట్టు కనిపిస్తాయి. ఎడమ పక్కన నిలబడితే ముందుభాగం మీకు ఎడమచేతి వైపుకు వస్తుంది. అక్షరాలు మాత్రం కుడికే వాలి ఉంటాయి కనుక, బండి ఒకవైపు పోతుంటే పేరు వెనక్కి లాగుతున్నట్టుగా ఉంటుంది. మన రోడ్ల మీద కాలిబాటన నడిచేవారికి, దుకాణాల ముందు నిలబడినవారికి కనిపించేది ఈ ఎడమ పక్కే. అంటే పేరును ఎక్కువమంది చూసే పక్కనే దాని వాలు ఎదురుతిరుగుతుంది.

కొందరు దీనికి విరుగుడుగా ఎడమ పక్క అక్షరాలను ఎడమకు వాల్చి ఇమ్మంటారు. దయచేసి ఆ పని చేయించవద్దు. ఎడమకు వాలిన ఇంగ్లీషు అక్షరం చదవడానికి ఇబ్బందిగా ఉంటుంది, రెండు పక్కలా రెండు వేర్వేరు సంస్థల పేర్లు రాసినట్టు అనిపిస్తుంది. రెండు పక్కలా ఒకే వాలు ఉంచి, పేరు వెనుక వేసే వేగపు గీతలు, బాణాలు, రెక్కల బొమ్మలు మాత్రం బండి ముందువైపును బట్టి తిప్పించండి. కన్ను బొమ్మను బట్టే దిక్కును పోల్చుకుంటుంది కనుక అక్షరాల వాలు అంతగా ఎత్తిచూపదు. ఇది నా అభిప్రాయం. వేరే విధంగా ఆలోచించేవారు ఉంటే చెప్పవచ్చు.

కటింగ్ పని దృష్టిలో స్లాబ్ అక్షరాలంటే మాకు ఇష్టం. సన్నటి వెంట్రుక గీతలు లేవు కనుక ప్లాటరు (రేడియం కోసే యంత్రం) కోసిన తరువాత మిగులు రేడియాన్ని ఒలిచేటప్పుడు అక్షరం తెగిపోదు, ఎండకూ వానకూ త్వరగా లేవదు. అయితే ఇటాలిక్‌లో ప్రతి పట్టీకి ఒక కొస మొనదేలి ఉంటుంది. ముందుగా లేచేది ఆ మొనే. లారీ కడిగేటప్పుడు నీటి ఒత్తిడి అక్కడే పట్టుకుంటుంది. ఫైలు ఇచ్చే ముందు ఆ మొనలను కొద్దిగా, దూరం నుంచి తెలియనంతగా గుండ్రం చేయించండి. అక్షరాలన్నింటినీ కర్వ్స్‌గా, అంటే ఫాంటుతో పనిలేని గీతలుగా మార్చి, ఒకదాని మీద ఒకటి ఎక్కిన గీతలను కలిపేసి పంపించండి. లేకపోతే బ్లేడు ఆ లోపలి గీతలను కూడా కోసేస్తుంది.

ఎత్తు విషయంలో బోర్డుల పనివారి లెక్క సులువైనది. ప్రతి 10 అడుగుల దూరానికి అక్షరం కనీసం అంగుళం ఎత్తు ఉండాలి. 100 అడుగుల దూరం నుంచి హాయిగా చదవాలంటే 10 అంగుళాలు కావాలి. లావుపాటి స్లాబ్‌కు ఎత్తు ఒక్కటే చాలదు, అక్షరాల మధ్య ఎడం కూడా తెర మీద మీకు నచ్చినదానికంటే కాస్త ఎక్కువే ఇవ్వాలి. పట్టీలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటే దూరం నుంచి పదం కింద ఒకే నల్లటి చారలా కనిపిస్తుంది. చెక్క బాడీ లారీ అయితే పలకల మధ్య సందులు ఎక్కడెక్కడ వస్తాయో ముందే కొలిచి, పేరులోని అడ్డపట్టీలు సరిగ్గా ఆ సందుల మీద పడకుండా చూసుకోండి. అలాంటి బాడీకి రేడియం కంటే పెయింటరు చేత రాయించడమే మేలు.

సమాధానం: పుస్తకాల పేజీలు పెట్టేవాడిని

తెలుగు ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు ఇవ్వలేదు కనుక నేను చెబుతాను. తెలుగును వాల్చవద్దు.

మన లిపికి ఇటాలిక్ సంప్రదాయం లేదన్న మాట నిజమే గాని, వద్దనడానికి నా కారణం అది కాదు. టిరో తెలుగు వంటి పుస్తకాల ఫాంటులో ఇటాలిక్ రూపం కూడా ఇచ్చారు, అది చక్కగానే పనిచేస్తుంది. చిక్కు లావుపాటి అక్షరాల్లో, యంత్రంతో వాల్చినప్పుడు వస్తుంది. ఇంగ్లీషులో పెద్ద అక్షరాలన్నీ ఒకే గీత మీద కూర్చుంటాయి, ఆ గీతకు కింద దాదాపు ఏమీ ఉండదు. తెలుగులో సగం వ్యవహారం ఆ గీతకు కిందే నడుస్తుంది. అక్షరాన్ని గీత దగ్గర పట్టుకొని వాల్చితే పైనున్న గుడి, ఏత్వం, ఓత్వం కుడికి జరుగుతాయి, కిందున్న వత్తు ఎడమకు జరుగుతుంది. మీకు కావలసిన పదాన్నే చూడండి: ట్రాన్స్‌పోర్ట్. మొదటి అక్షరంలోని ర వత్తు ఇప్పటికే ‘ట’ను ఎడమవైపు నుంచి చుట్టుకొని ఉంటుంది. వాల్చితే అది మరింత బయటికి జారి, ముందున్న పదంలోకి చొరబడుతుంది. ‘పో’లోని ఓత్వం పక్క అక్షరం మీదికి ఒరుగుతుంది. ‘ర్ట్’ దగ్గర ఏ వత్తు ఏ అక్షరానిదో ఒక క్షణం తడుముకోవలసి వస్తుంది. రోడ్డు మీద పోయే లారీని చూసేవారికి ఆ క్షణం కూడా దొరకదు.

కాబట్టి రెండు లిపుల మధ్య పొత్తును వాలులో కాక లావులో వెతకండి. అనెక్ తెలుగు ఇందుకు బాగా ఉపయోగపడుతుంది. 2022లో ఏక్ టైప్ సంస్థ విడుదల చేసిన ఈ ఫాంటులో లావు, వెడల్పు రెండింటినీ విడివిడిగా మార్చుకోవచ్చు కనుక, ఇంగ్లీషు స్లాబ్ ఎంత నల్లగా ఉందో చూసుకొని తెలుగును దానికి సరిపడా తెచ్చుకోగలరు. మరింత మొరటుగా కావాలంటే రామభద్ర ఉంది. సిలికానాంధ్ర తరఫున వచ్చిన తెలుగు ఫాంట్లలో శీర్షికలకు అంత బలంగా నిలబడేవి తక్కువ. అయితే అందులో ఒకే లావు ఉంది కనుక, సర్దుబాటు చేయవలసింది ఇంగ్లీషునే. మన డీటీపీ కేంద్రాల్లో అలవాటైన అను ఫాంట్లలో పని చేసినా తప్పులేదు గాని, అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడి అక్షర సంకేతం) కావు కనుక అదే పేరును రేపు వెబ్‌సైటులో అదే రూపంలో చూపడం కుదరదు.

కొలతల విషయంలో ఒక్క సూచన. తెలుగు అక్షరం ఒంటి ఎత్తును, అంటే వత్తులూ గుణింతపు గుర్తులూ లెక్కలోకి తీసుకోకుండా, ఇంగ్లీషు పెద్ద అక్షరం ఎత్తు కంటే కొంచెం తక్కువగా ఉంచండి. రెండూ సమానంగా పెడితే వత్తులతో కలిసి తెలుగు వరుస మరీ బరువుగా కనిపిస్తుంది. రెండు వరుసల మధ్య ఖాళీ వత్తుల కోసం ధారాళంగా వదలండి. బోర్డు ఎత్తు సరిపోవడం లేదని ఆ ఖాళీని పిండేయడం మన ఊళ్లో ఏ వీధికి వెళ్లినా కనిపిస్తుంది, వత్తులు కింది వరుస నెత్తిన ఎక్కి కూర్చుంటాయి.

ఉర్దూ విషయంలో మీకు కలిసివచ్చే అంశం ఒకటి ఉంది. ఉర్దూ రాసే నస్తాలీఖ్ శైలిలో పదం కుడివైపు పై నుంచి మొదలై ఎడమవైపు కిందికి జారుతుంది. ఆ జారుడూ, ఇంగ్లీషు ఇటాలిక్ వాలూ ఒకే దిక్కుకు మొగ్గుతాయి. అందుచేత మూడు భాషల బోర్డులో ఉర్దూ, ఇంగ్లీషు ఒకదానికొకటి బాగానే పొసుగుతాయి, తెలుగు మధ్యలో నిటారుగా నిలబడుతుంది. నా కంటికి ఆ అమరిక లోపంగా తోచదు. ఉర్దూ పేరును మాత్రం కంప్యూటరులో దొరికిన ఏదో ఒక ఫాంటులో కొట్టకుండా, ఛత్తా బజారులో రాత తెలిసినవారి చేత రాయించి స్కాన్ చేసుకోండి. వ్యాపార నామానికి అది పెద్ద ఖర్చు కాదు, తేడా మాత్రం బోర్డు చూడగానే తెలుస్తుంది.

ఎడమ పక్క సంగతిలో కోఠి మిత్రులతో నాది కాస్త భిన్నాభిప్రాయం. వాలు వెనక్కి లాగుతుందని తెలిసినప్పుడు, రెండు పక్కలా నిలువు బోల్డ్ స్లాబ్‌నే వాడి, ఇటాలిక్‌ను బోర్డుకూ కార్డుకూ పరిమితం చేయవచ్చు. లారీ ఎలాగూ కదులుతుంది, దాని మీది పేరు కూడా పరుగెత్తవలసిన పని లేదని నా ఉద్దేశం.

చిక్కడపల్లి డీటీపీ

అందరికీ ధన్యవాదాలు. ఎడమ పక్క విషయం పెద్దాయనకు ఫోనులో చెప్పగానే ఆయన తన లారీలలో ఒకదాని దగ్గరకు వెళ్లి రెండువైపులా నిలబడి చూసుకున్నారట. ఆయనకు వాలు మీద మక్కువ పోలేదు కనుక ఇటాలిక్‌నే రెండు పక్కలా ఉంచి, వెనుక గీతలు వేయకుండా చేద్దామని నిర్ణయించాము. తెలుగును నిటారుగా అనెక్‌లో పెడుతున్నాను. చివరగా ఒక సందేహం. పేరు కింద ఫోను నంబరు కూడా అదే బోల్డ్ ఇటాలిక్‌లో ఉండాలని ఆయన కోరుతున్నారు. క్యాబిన్ తలుపు మీద బండి నంబరును కూడా అలాగే రాయించమంటున్నారు. ఇది సబబేనా?

సమాధానం: అక్షరాల పని

ఫోను నంబరుకు వద్దండీ. పదంలో ఒక అక్షరం సరిగా కనిపించకపోయినా చుట్టూ ఉన్నవాటిని బట్టి చదువరి పూరించుకుంటాడు, అంకెల్లో ఆ సౌకర్యం లేదు. లావుపాటి స్లాబ్‌లో 3, 5, 6, 9 అంకెల తెరిచిన నోళ్లన్నీ ఇరుకవుతాయి. వాలు తోడైతే దూరం నుంచి 6కూ 8కీ, 3కూ 8కీ తేడా పోతుంది. అదే కుటుంబంలోని నిలువు అంకెలను, బోల్డ్ కంటే ఒక మెట్టు తక్కువ లావులో తీసుకోండి. పది అంకెలను ఐదు, ఐదుగా విడదీసి మధ్యన ఒక అంకె వెడల్పు ఖాళీ వదలండి.

బండి నంబరు విషయంలో రెండు సంగతులు వేరు చేసుకోవాలి. ముందూ వెనుకా ఉండే నంబరు ప్లేటు అక్షరాల రూపాన్ని నిబంధనలే నిర్ణయిస్తాయి. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లకు హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి, దాని జోలికి ఎవరూ పోకూడదు. తలుపు మీద, బాడీ పక్కన రాసే నంబరును కూడా అలంకారం లేని నిలువు అక్షరాల్లోనే రాయించమని చెప్పండి. చెక్‌పోస్టులో ఆపినవారు దాన్ని చదవలేకపోతే ఆ తలనొప్పి డ్రైవరుదే అవుతుంది.

రేడియం కోయించే ముందు పేరులోని రెండు అక్షరాలను, ఫోను నంబరులోని 6, 8 అంకెలను అసలు కొలతలో కాగితం మీద ప్రింటు తీసి, లారీకి అంటించి, రోడ్డుకు అవతలి పక్క నుంచి ఒకసారి చూడండి. పట్టీల మధ్య తెల్లదనం అక్కడి నుంచి కనిపించకపోతే ఎడం పెంచాలి, అప్పటికీ కుదరకపోతే బోల్డ్ నుంచి సెమీబోల్డ్‌కు దిగాలి. జిల్లా స్లాబ్‌లో సెమీబోల్డ్ ఇటాలిక్ విడిగా ఉంది.